రన్: పారే క్రియ

ఇంగ్లిష్‌లో మూడక్షరాల క్రియ ఒకటుంది: రన్. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ మూడో కూర్పు కోసం ఆ ఒక్క క్రియ పద్దును తిరగరాయడానికి పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడికి తొమ్మిది నెలలు పట్టింది. పని ముగిసేసరికి 645 అర్థాలు తేలాయి. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన రెండో కూర్పులో ‘సెట్’ అనే మాటది పెద్ద పీట. ఒక్క ఆ క్రియకే 430 అర్థాలు చెప్పారు. 2011 నాటికి రన్ దాన్ని దాటేసింది.

ఈ లెక్క విని చాలామంది అబ్బురపడతారు. నన్ను కట్టిపడేసేది మరొకటి. ఇన్ని అర్థాలు మోస్తూ కూడా ఆ మాట చెదిరిపోలేదు. ముక్కు కారినా, కుళాయి కట్టేయడం మరిచిపోయినా, ఒంట్లో జ్వరం ఉన్నా, కొట్టు నడుపుతున్నా, నాటకం ఆడుతున్నా, బట్ట రంగు దిగినా, ఊరి పక్కగా రోడ్డు పోతున్నా, పత్రికలో వార్త పడినా, అప్పు పెరిగినా, ఓపిక అయిపోయినా ఇంగ్లిష్‌వాళ్లకు ఒకటే క్రియ. ఇక్కడ నేను తెలుగులో చెప్పడానికే పది క్రియలు వాడాను. పదిచోట్లా తిరిగి వచ్చినా రన్ రుచి మాత్రం మారలేదు. ఆ రుచి ఎక్కడిదో వెతకడం నాకు చాలా ఇష్టమైన పని.

పిల్లలకు మనం ‘రన్ అంటే పరుగెత్తు’ అని నేర్పుతాం. దాంతో కాళ్లు ముందుకొచ్చి కూర్చుంటాయి. మిగతా అర్థాలన్నీ ఆ కాళ్ల మీద కట్టిన అలంకారాలని పిల్లలు అనుకుంటారు. ఆ మాట పుట్టుకలో కాళ్లెంత పాతవో నీళ్లూ అంత పాతవే. పాత ఇంగ్లిష్‌లో దానికి ‘రిన్నన్’, ‘ఇర్నన్’ అనే రూపాలుండేవి. ఏరు పారడానికీ, మనిషి పరుగెత్తడానికీ అదే మాట. దాని తోబుట్టువులు జర్మన్ భాషలో ఇప్పటికీ విడివిడిగా బతుకుతున్నాయి: ‘రిన్నెన్’ అంటే కారడం, పారడం, ‘రెన్నెన్’ అంటే పరుగెత్తడం. అక్కడ రెండిళ్లుగా ఉన్నవి ఇంగ్లిష్‌లో ఒకే కప్పు కిందికి చేరాయి. అందుకే కుళాయి నీళ్లకు రన్ వాడినప్పుడు ఇంగ్లిష్ కవిత్వం చెప్పడం లేదు, సొంతింటి మాటే మాట్లాడుతోంది.

తెలుగువాడికి ఈ సంగతి కొత్తగా తోచకూడదు. మన ‘పారు’ను చూడండి. పాతవాళ్లు బండి ఱతో ‘పాఱు’ అని రాసేవారు. నీరు పారుతుంది, దొంగ పారిపోతాడు, పాచిక పారుతుంది, చూపు పారినంత మేర పచ్చగా కనిపిస్తుంది, రైతు చేనుకు నీళ్లు పారిస్తాడు. ఇంగ్లిష్‌కూ మనకూ భాషా కుటుంబాలు వేరు, నేలలు వేరు, ఏళ్లూ వేరు. అయినా పల్లానికి సాగిపోయే నీటికీ, వెనక్కి చూడకుండా పోయే మనిషికీ ఒకే మాట చాలునని రెండు భాషలూ ఎవరికి వారే తేల్చుకున్నాయి. ఈ పోలిక కంటబడ్డ ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నీళ్లు చేసే పనిలో ఒక గుణముంది. వాటిని వెనకనుంచి ఎవరూ తోయనక్కరలేదు. వాలు దొరికితే చాలు, మొదలైన కదలికే తర్వాతి కదలికను లాక్కుపోతుంది. రన్‌కు ప్రాణం ఆ గుణమేనని నా నమ్మకం. గడియారానికి కీ ఇచ్చి వదిలితే రన్ అవుతుంది. ఇంజన్ ఒకసారి అందుకుంటే రన్ అవుతుంది. వెన్నులో వణుకు పైనుంచి కిందికి రన్ అవుతుంది, దాన్ని మధ్యలో ఆపడం మన చేతిలో లేదు. ఒక గుణం తాతనుంచి మనవడికి ఇంట్లో రన్ అవుతూ వస్తుంది, దాన్ని ఎవరూ అడిగి తెచ్చుకోలేదు. మెల్లగా పోయేవీ, వేగంగా పోయేవీ, అసలు కదలనివీ రన్‌లో ఇముడుతున్నాయంటే కారణం ఇదే. వేగం దానికి కొలత కాదు. మరో తోపు అక్కరలేకుండా సాగిపోవడమే దాని కొలత.

ఒక చిన్న దృశ్యం దగ్గరగా చూద్దాం. కొత్త ఎర్ర చీరను తెల్ల చొక్కాతో పాటు బకెట్లో నానబెట్టారు. మొదట నీళ్లలో ఏమీ తెలియదు. కాసేపటికి చీర అంచు దగ్గర పల్చటి ఎర్రటి పొగలాంటిది కదులుతుంది. అది తీగలు తీగలుగా సాగి, చొక్కా మడతల దగ్గర ఆగి, మడతలోకి చొరబడి, చివరికి కాలరు మీద గులాబీ మరకగా నిలుస్తుంది. మనం ‘రంగు దిగింది’ అంటాం. బట్టనుంచి రంగు వదలడాన్ని మన భాష చూసింది. ఇంగ్లిష్ ‘ద కలర్స్ రన్’ అంటుంది. ఆ భాష చూసింది రంగు చేసిన ప్రయాణాన్ని. చీర దగ్గర మొదలై చొక్కా దాకా అడ్డంగా సాగిన ఆ తీగను ఆ మూడక్షరాలు పట్టుకున్నాయి. రెండూ నిజమే, రెండూ అందమే. కాని ఆ బకెట్ ముందు కూర్చుని చూసినవాడికి ఇంగ్లిష్ మాటలో కదలిక కళ్లకు కడుతుంది.

ఆడవాళ్లు వేసుకునే పల్చటి సాగే మేజోళ్లలో ఒక పోగు తెగితే పైనుంచి కిందిదాకా ఒక గీత చీలిపోతుంది. దాన్ని బ్రిటిష్‌వాళ్లు ‘ల్యాడర్’ అంటారు, అమెరికన్లు ‘రన్’ అంటారు. అల్లికలో ప్రతి ఉచ్చునూ పక్క ఉచ్చు పట్టి ఉంచుతుంది. ఒకటి తెగితే దాని పట్టున ఉన్నది జారుతుంది, అది జారితే ఆ తర్వాతది. ఎవరూ లాగకుండానే చీలిక తనంతట తాను దిగిపోతుంది. బ్రిటిష్‌వాళ్లు మిగిలిపోయిన నిచ్చెనమెట్ల ఆకారాన్ని చూసి పేరు పెట్టారు, అమెరికన్లు జరిగిన పనిని చూసి పెట్టారు. నాకు ఈ ఒక్కచోట అమెరికన్ల పేరే గొప్పగా కనిపిస్తుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటికొస్తాను: కదలని వాటికి రన్ అనడం. రోడ్డు కాలువ పక్కన ‘రన్’ అవుతుందంటారు. రోడ్డు ఎక్కడికీ పోదు. కంచె పొలం చుట్టూ రన్ అవుతుంది. కొండల వరస ఉత్తరానికి రన్ అవుతుంది. మన ఆలంకారికులు దీనికి దారి ఎప్పుడో వేశారు. ‘గంగలో గొల్లపల్లె’ అన్న ఉదాహరణ అలంకారశాస్త్రం చదివిన వాళ్లందరికీ తెలుసు. నదిలో పల్లె ఉండదు కాబట్టి అభిధ, అంటే మాట నేరుగా చెప్పే అర్థం, ఆగిపోతుంది. ‘గంగ ఒడ్డున’ అని లక్షణ, అంటే దాన్ని అంటిపెట్టుకున్న అర్థం, చెబుతుంది. మరి ఒడ్డున అనే అనొచ్చు కదా? అలా అంటే గంగ చల్లదనం, పావనత్వం ఆ పల్లెకు అంటవు. వాటిని అందించేది వ్యంజన, అంటే మాటలోని సూచన. రోడ్డు విషయంలోనూ అంతే. రోడ్డు పరుగెత్తదు కాబట్టి అభిధ ఆగింది. ‘పొడవునా ఉంది’ అని లక్షణ సర్దింది. వ్యంజన ఇచ్చేది మాత్రం మన చూపును. కాలువ పక్కనే నిలబడి రోడ్డు చివరిదాకా చూసినప్పుడు పోయేది మన కన్నే. కదిలిన కన్ను తన కదలికను కదలని రోడ్డుకు ఇచ్చేసింది. లెనార్డ్ టాల్మీ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త ఇలాంటి వాడుకను కల్పిత చలనం అని పేరు పెట్టి వివరంగా పరిశీలించారు. ధ్వని సిద్ధాంతం చెప్పిన ఆలంకారికుడు ఆనందవర్ధనుడు చదివితే దీన్ని ధ్వని అనే అనేవాడని నాకనిపిస్తుంది. గంట కొట్టడం ఆగాక కూడా చెవిలో నిలిచే అనురణనం లాంటిదే ఆ అర్థం.

కదలని చోట రన్ ఎంత అందంగా కూర్చుంటుందో చూడాలంటే లండన్ వెళ్లాలి. అగాథా క్రిస్టీ రాసిన ‘ద మౌస్‌ట్రాప్’ నాటకం అక్కడ 1952 నవంబర్ 25న ఆంబాసడర్స్ థియేటర్లో మొదలైంది. 1974లో పక్కనే ఉన్న సెయింట్ మార్టిన్స్ థియేటర్‌కు మారింది. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి ఆగిందే తప్ప అప్పటిదాకా ఆగలేదు. 2021లో మళ్లీ మొదలైంది. ప్రపంచంలో ఇంతకాలం ‘రన్’ అయిన నాటకం మరొకటి లేదు. ఆ నాటకం కథేమిటంటే, మంచు కురిసి దారులన్నీ మూసుకుపోతాయి, ఒక ఇంట్లో కొందరు చిక్కుకుపోతారు, బయటికి అడుగు పెట్టే వీలుండదు. లోపలివాళ్లు గడప దాటలేని ఆ నాటకం ఏడు దశాబ్దాలుగా రన్ అవుతూనే ఉంది.

మన దగ్గరా అలాంటిదొకటి ఉంది. రైళ్లు నడిపే లోకో పైలట్లను, ఒకప్పుడు గార్డులనే పేరున్న ట్రైన్ మేనేజర్లను రైల్వేలో ‘రన్నింగ్ స్టాఫ్’ అంటారు. వాళ్లు బండి దిగాక, మళ్లీ ఎక్కబోయే ముందు నిద్రపోయేందుకు విజయవాడ, కాజీపేట లాంటి జంక్షన్లలో ఏర్పాటు చేసిన విశ్రాంతి గదుల పేరు ‘రన్నింగ్ రూమ్’. కిటికీలు మూసి, దుప్పటి కప్పుకుని, రాత్రి డ్యూటీ చేసినవాళ్లు పగలు పడుకునే గది అది. చప్పుడు చేయకుండా నడవాల్సిన ఆ చోటుకు రన్నింగ్ అనే మాట అతికిపోయింది. రైలు ఆగకుండా సాగాలంటే మనిషి ఆగి పడుకోవాలి. ఆ రెండిటి లంకె ఆ పేరులోనే ఉంది.

ఇంకో నిశ్చలమైన రన్ బ్యాంకులది. బ్యాంకు మునుగుతుందన్న భయంతో డబ్బు దాచుకున్నవాళ్లంతా ఒకేసారి వెనక్కి తీసుకోవడానికి ఎగబడటాన్ని ‘బ్యాంక్ రన్’ అంటారు. 1866లో లండన్‌లో ఓవరెండ్ గర్నీ అనే సంస్థ కుప్పకూలినప్పుడు అది జరిగింది. ఆ తర్వాత మళ్లీ బ్రిటన్‌లో ఒక బ్యాంకు మీద అంతటి రన్ వచ్చింది 2007 సెప్టెంబర్‌లో, నార్తర్న్ రాక్ దగ్గర. అప్పటి ఫొటోలు చూడండి. ఎవరూ పరుగెత్తడం లేదు. శాఖల ముందు పేవ్‌మెంట్ మీద ఒకరి వెనక ఒకరు ఓపిగ్గా నిలబడ్డారు. పరుగెత్తింది మనుషుల కాళ్లు కాదు, ఒకరినుంచి ఒకరికి సాగిన భయం. ఆ భయానికి ఎవరి తోపూ అక్కరలేదు.

ఇక్కడినుంచి ఉపసర్గల దగ్గరకు పోవాలి. సంస్కృతం చదివిన మనకు ‘హృ’ ధాతువు ముచ్చట తెలుసు. ముందు ‘ప్ర’ చేరితే ప్రహారం, దెబ్బ. ‘ఆ’ చేరితే ఆహారం. ‘సం’ చేరితే సంహారం. ‘వి’ చేరితే విహారం. ‘పరి’ చేరితే పరిహారం. ఒకే ధాతువు కొడుతుంది, తినిపిస్తుంది, చంపుతుంది, తిప్పుతుంది, నష్టాన్ని పూడుస్తుంది. ధాతువులు అనేకార్థకాలని వైయాకరణులు ఊరికే అనలేదు. సంస్కృతంలో ఆ చిన్న మాటలు ధాతువుకు ముందు నిలబడతాయి. ఇంగ్లిష్‌లో అవి వెనక వస్తాయి. ‘రన్ ఇంటూ’ అంటే ఎదురుపడటం, గుద్దుకోవడం. ‘రన్ ఓవర్’ అంటే బండి ఎక్కించడం. ‘రన్ త్రూ’ అంటే మొదటినుంచి చివరిదాకా ఒకసారి చూసుకోవడం. ‘రన్ డౌన్’ అంటే బ్యాటరీ దిగిపోవడం, మనిషిని తెగనాడటం. ‘రన్ అప్’ అంటే అప్పు పెంచుకోవడం, జెండా ఎగరేయడం, మిషన్ ముందు కూర్చుని గబగబా ఒక గౌను కుట్టేయడం కూడా.

వీటిలో ‘రన్ అవుట్’ దగ్గర కాసేపు ఆగాలి. ‘ద మిల్క్ రన్స్ అవుట్’ అంటే పాలు అయిపోవడం. అడుగున చిల్లుపడ్డ గిన్నెలోంచి పాలు బయటికి పోయినట్టు బొమ్మ కడుతుంది. ఇంతవరకూ నీళ్ల స్వభావమే. కాని అదే సంగతిని ఇంగ్లిష్‌వాళ్లు ‘వీ రన్ అవుట్ ఆఫ్ మిల్క్’ అనీ అంటారు. ఈసారి కర్త పాలు కాదు, మనం. పాలు మనల్ని వదిలిపోవడం పోయి, మనమే పాలలోంచి బయటికి నడిచి వచ్చేశాం. ఒక వాక్యంలో సరుకు మనల్ని దాటిపోయింది, రెండో వాక్యంలో మనమే సరుకును దాటిపోయాం. అలాగే ఓపిక, కాలం, అదృష్టం, మాటలు: అన్నీ మనల్ని వదిలిపోగలవు, మనమూ వాటిని దాటి బయటపడగలం. కర్తను మార్చేసినా క్రియ పొల్లుపోలేదు. వ్యాకరణం ఇంత అందాన్ని దాచుకోగలదని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఒక మంచి పద్యం విన్నప్పటి సంతోషమే.

రన్ ఇంత పెద్దదవడానికి యంత్రాలు కారణమని రచయిత సైమన్ వించెస్టర్ 2011లో వాదించారు. రైళ్లు, గడియారాలు, మోటార్లు, కంప్యూటర్లు వచ్చేకొద్దీ వాటి పనికి ఇంగ్లిష్ వెతుక్కున్న క్రియ ఇదే. సెట్ కూర్చోబెట్టే మాట, రన్ సాగించే మాట. యంత్రాల కాలం రెండోదాన్నే ఎంచుకుందని ఆయన ఉద్దేశం. నాకది సబబుగానే తోస్తుంది. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ ‘బేసిక్’ అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేశారు. విద్యార్థి వరసగా ఆదేశాలు రాసుకుని చివర మూడక్షరాలు కొట్టేవాడు: రన్. అంతే, రాసిందంతా లేచి కదిలేది. అక్షరాలు పని చేయడం మొదలుపెట్టిన ఆ క్షణానికి మరే క్రియ కూడా అంత సరిగ్గా కుదరదు. ఆదేశాలు ఒకదాని తర్వాత ఒకటి, ఎవరూ తోయకుండా, వాలు దొరికిన నీళ్లలా చివరిదాకా పోతాయి. హైదరాబాద్ ఆఫీసుల్లో మన పిల్లలు రోజూ అనే ‘కోడ్ రన్ చేశా’ అన్న మాట వెనక అదే ఏరుంది.

మన వ్యాపారాల్లోకీ, పనుల్లోకీ ఈ మాట ఎంత లోతుగా దిగిందో గమనిస్తే ముచ్చటేస్తుంది. గ్రానైట్ పరిచేవాళ్లు, ప్రహరీ కట్టేవాళ్లు ‘రన్నింగ్ ఫీట్‌కు ఇంత’ అని లెక్క చెబుతారు. వెడల్పుతో పనిలేదు, పొడవు సాగినంత దూరానికే డబ్బు. కాంట్రాక్టర్ పని సగంలో ఉండగా పెట్టే బిల్లు ‘రన్నింగ్ బిల్లు’. చీరల కొట్లో ‘బ్లౌజ్ రన్నింగ్ వస్తుందమ్మా’ అంటారు. చీరతో పాటే, తెగకుండా, అదే నేతలో జాకెట్ ముక్క ఉందని అర్థం. సినిమా పత్రికల్లో ‘థియేట్రికల్ రన్’, ‘లాంగ్ రన్’ నిత్యం కనబడతాయి. బస్సు కదులుతుండగా ఎక్కబోయేవాణ్ణి ‘రన్నింగ్‌లో ఎక్కకురా’ అని కోప్పడతాం. అక్కడ పరుగెత్తేది వాడు, రన్నింగ్‌లో ఉన్నది బస్సు. ఇంగ్లిష్ బడి గడప తొక్కని మేస్త్రీ కూడా రన్నింగ్ ఫీట్ అనే మాటలో ఆ క్రియ ప్రాణాన్ని, తెగకుండా సాగడాన్ని, సరిగ్గానే పట్టుకున్నాడు.

కుట్టుపనిలో ‘రన్నింగ్ స్టిచ్’ ఉంది. కుట్లన్నిటిలో మొదట నేర్చుకునేది. సూది బట్టలోకి దిగుతుంది, కాస్త దూరం కింద పోతుంది, పైకి లేస్తుంది, కాస్త దూరం పైన పోతుంది, మళ్లీ దిగుతుంది. పైనుంచి చూస్తే విడివిడి గీతలు, చుక్కల వరస. తిప్పి చూస్తే పైన ఖాళీ ఉన్నచోటల్లా కింద దారం ఉంటుంది. కంటికి తెగినట్టు కనిపించే దారం ఎక్కడా తెగలేదు. ఒక్క రన్ అనే మాటలో 645 అర్థాలు ఎలా నిలబడ్డాయో నాకు ఆ కుట్టు చెప్పినంత బాగా ఏ వ్యాకరణ గ్రంథమూ చెప్పలేదు.

క్రికెట్ గురించి చెప్పకపోతే తెలుగు పాఠకుడు క్షమించడు. రెండు వికెట్ల మధ్య దూరం 22 గజాలు. బ్యాటర్లిద్దరూ ఎదురెదురుగా పరుగెత్తి, ఒకరినొకరు దాటి, అవతలి గీతను అందుకుంటే ఒక రన్. ఇక్కడ క్రియ నామవాచకమై, లెక్కగా మారిపోయింది. చేసిన పనే సంపాదనయింది. బంతి నేలను తాకి బౌండరీ దాటితే ఎవరూ కదలనవసరం లేదు, అయినా నాలుగు రన్నులు. కాళ్లు పోయి సంఖ్య మిగిలింది. మన పత్రికలు దాన్ని ‘పరుగులు’గా మార్చుకున్నాయి, ఆ మాటా అంతే సహజంగా కుదిరింది. రన్నవుట్‌కు మాత్రం మనం తెలుగు వెతకలేదు. గీతకు అంగుళం ఇవతల బ్యాటు, అప్పుడే ఎగిరిపడ్డ బెయిల్స్, గ్యాలరీ అంతటినీ ఒక్కసారి ఆవరించే ఆ నిట్టూర్పు, ఇవన్నీ ఆ మాటకు అంటుకుపోయి ఉన్నాయి. దాన్ని తెలుగు చేయకపోవడమే మేలయింది.

నీళ్లనుంచి మొదలైన మాట నీళ్ల పేరుగా కూడా మారింది. అమెరికాలో వర్జీనియా, పెన్సిల్వేనియా ప్రాంతాల్లో చిన్న వాగులను ‘రన్’ అంటారు. వర్జీనియాలోని ‘బుల్ రన్’ అలాంటి వాగే. 1861 జులై 21న అమెరికా అంతర్యుద్ధంలో మొదటి పెద్ద పోరు దాని ఒడ్డునే జరిగింది. ఉత్తరాది సేన ఓడి వాషింగ్టన్ వైపు పారిపోయింది. వాగుకు పెట్టిన పేరు, సైనికులు చేసిన పని, చరిత్రలో ఒకే మాటగా నిలిచిపోయాయి. దక్షిణాదివాళ్లు ఆ యుద్ధాన్ని పక్కనున్న ఊరి పేరుతో ‘మనాసస్’ అంటారు. ఉత్తరాదివాళ్ల పుస్తకాల్లో మాత్రం ఇప్పటికీ అది బుల్ రన్ యుద్ధమే.

ఈ క్రియలోని నీటిని గుర్తుపట్టిన గొప్ప రచయిత జేమ్స్ జాయిస్. 1939లో వచ్చిన ఆయన ‘ఫినెగన్స్ వేక్’ నవల మొదటి మాటలో నదినీ రన్‌నూ కలిపి ‘రివర్‌రన్’ అని ఒకే పదంగా అతికించారు. దానికి పెద్దక్షరం కూడా పెట్టలేదు, ఎందుకంటే అది వాక్యానికి మొదలు కాదు. పుస్తకం చివర సగంలో ఆగిన వాక్యం తిరిగి వచ్చి ఈ మాటను అందుకుంటుంది. డబ్లిన్‌లో పారే లిఫీ నది ఆ నవలంతా పరుచుకుని ఉంటుంది. పుస్తకం మూయగానే మళ్లీ మొదటి పుటకు పారిపోయే నవలకు ఆరంభంగా ఇంగ్లిష్ క్రియలన్నిటిలో జాయిస్ దీన్నే ఎంచుకున్నారు. కొందరు ఆ నవలను చదవలేమని పక్కన పెడతారు. ఆ మొదటి మాట ఒక్కటి గట్టిగా పలికి చూడమని నేను వాళ్లను అడుగుతాను. నాలుక మీద నీళ్లు కదులుతాయి.

రన్‌కు ఉన్న అన్ని వాడుకలూ నాకు సమానంగా నచ్చవు. సంస్థను, ప్రభుత్వాన్ని ‘రన్’ చేయడమన్న వాడుకలో నీళ్లు కొంత ఇంకిపోయాయి. అక్కడ పైన ఎవరో కూర్చుని తోస్తున్నట్టుంటుంది, తానుగా సాగడం కనిపించదు. ఎన్నికల విషయమూ అంతే. అమెరికాలో అభ్యర్థి ‘రన్’ అవుతాడు, ఇంగ్లండ్‌లో ‘స్టాండ్’ అవుతాడు. మనమూ ‘ఎన్నికల్లో నిలబడ్డాడు’ అనే అంటాం. అభ్యర్థి ఓటరు ఎదుటికొచ్చి నిలబడి ‘ఇదిగో, నేనిలాంటివాణ్ణి, చూసుకోండి’ అనడంలోని మర్యాద నాకు పరుగులో కనిపించదు. ఇక్కడ మాత్రం నా ఓటు నిలబడటానికే.

ఈ అర్థాలన్నీ ఒకచోటికి చేర్చిన శ్రమను తలుచుకోకుండా ఉండలేను. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు జేమ్స్ మర్రే ఇంటి పెరట్లో ఇనుప రేకుల షెడ్డు వేసి, గోడల నిండా వెయ్యికి పైగా చిన్న గూళ్లు కట్టించి, ఎక్కడెక్కడి పాఠకులో పంపిన కాగితపు చీటీలను వాటిలో సర్దారు. ఒక్కో చీటీ మీద ఒక మాట, ఆ మాట వాడిన వాక్యం, అది ఏ పుస్తకంలోదో ఆ వివరం. ఆయన పిల్లలు కూడా ఆ చీటీలు సర్దినవాళ్లే. మొదటి భాగం 1884లో వచ్చింది. ఆయన 1915లో పోయారు. నిఘంటువు 1928లో పూర్తయింది. మన అమరకోశం కూడా మూడో కాండలో నానార్థవర్గం పెట్టి ఒకే మాటకున్న వేర్వేరు అర్థాలను వరసగా చెప్పింది. ఆ పద్ధతిలో పెరిగిన మనకు 645 అర్థాల పద్దు పరాయిగా అనిపించనక్కరలేదు. తీరిగ్గా కూర్చుని, వరసన, పైకి చదువుకోవాల్సిన పుటలు అవి.

మీ ఇంట్లో ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలుంటే ఒక పని చేయండి. రన్ అంటే పరుగెత్తు అని చెప్పే ముందు వాళ్లను కుళాయి దగ్గరకు తీసుకెళ్లి తిప్పించండి. ఆ నీళ్లను చూపించి ‘ఇది రన్’ అనండి. పరుగు సంగతి ఆ తర్వాత చెప్పొచ్చు.